ప్రోడక్ట్‌ను వేరు కంపెనీగా విడదీయడం: డీడ్ కంటే ముందు షెడ్యూల్

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీలు నడిపేవాళ్లున్నారు, వాటిలో ప్రోడక్ట్ టీమ్‌లు చూసేవాళ్లున్నారు, కొందరు సీఏలు, కంపెనీ సెక్రటరీలు కూడా ఉన్నారు. కాబట్టి ప్రోడక్ట్‌ను అసలు ఎందుకు విడదీయాలి అనే చర్చ జోలికి పోను. విడదీయాలని బోర్డు తీర్మానించేసింది అనుకుందాం. ఆ మర్నాటి పొద్దున్నుంచి ఏం చేయాలన్నదే ఈ గంటలో మాట్లాడుకునేది.

అన్నదమ్ముల పంపకాల్లో పొలం గట్టు వేసి పంచుకోవచ్చు. పేచీ వచ్చేది ఉమ్మడి బావి దగ్గర, పొలంలోకి వెళ్లే దారి దగ్గర. ఇక్కడా అంతే. ప్రోడక్ట్‌కు మాత్రమే చెందినవి ఏమిటో అందరికీ తెలుసు. రెండు వైపులా వాడుతున్న లైబ్రరీ, ఒకే క్లౌడ్ ఖాతా, సగం రోజు ఇటు సగం రోజు అటు పనిచేసే ఇంజినీరు, రెండూ కలిపి కొన్న కస్టమర్... వీటి జాబితా రాయకముందే లాయర్ దగ్గరికి పరిగెత్తుతారు. బదిలీ డీడ్ ముప్పై పేజీలు ఉంటే అందులో ముప్పావు వంతు ఎక్కడైనా ఒకేలా ఉంటుంది. వెనకాల జతచేసే షెడ్యూళ్లే, అంటే ఏవేవి బదిలీ అవుతున్నాయో రాసే జాబితాలే, అసలు దస్తావేజు. షెడ్యూల్‌లో ఎక్కనిది పాత కంపెనీలోనే ఉండిపోతుంది. ఆ సంగతి మూడేళ్ల తర్వాత ఇన్వెస్టర్ తరఫు లాయర్ డ్యూ డిలిజెన్స్‌లో (పెట్టుబడికి ముందు చేసే కాగితాల తనిఖీలో) కనిపెడతాడు, అప్పటికి సంతకం పెట్టాల్సిన మనిషి దేశంలో ఉండడు.

ముందుగా దారి ఎంచుకోవాలి. మన దగ్గర ప్రధానంగా రెండు దారులు. ఒకటి డీమెర్జర్. కంపెనీల చట్టం 2013లో 230 నుంచి 232 సెక్షన్ల కింద ఎన్‌సీఎల్‌టీకి, అంటే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు, విభజన పథకం (స్కీమ్) పెట్టుకోవడం. రెండోది స్లంప్ సేల్. బిజినెస్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ రాసుకుని, మొత్తం అండర్‌టేకింగ్‌ను, అంటే నడుస్తున్న ఆ వ్యాపార విభాగాన్ని, గంపగుత్తగా ఒకే ధరకు అమ్మడం. రెండింటికీ ఉన్న అసలు తేడా వాటాలు ఎవరి చేతికి వస్తాయన్నది. డీమెర్జర్‌లో కొత్త కంపెనీ షేర్లు పాత కంపెనీ వాటాదారులకు నేరుగా వస్తాయి. స్లంప్ సేల్‌లో డబ్బయినా షేర్లయినా పాత కంపెనీకే వస్తాయి.

మన దేశంలోనే రెండింటికీ ఉదాహరణలున్నాయి. చెన్నైలోని పోలారిస్ తన బ్యాంకింగ్ ప్రోడక్టుల వ్యాపారాన్ని 2014లో ఇంటెలెక్ట్ డిజైన్ ఎరీనాగా డీమెర్జ్ చేసింది. అప్పట్లో ఎన్‌సీఎల్‌టీ లేదు, మద్రాస్ హైకోర్టు ఆమోదించింది. పోలారిస్‌లో ఒక షేరున్నవాళ్లకి ఇంటెలెక్ట్‌లో ఒక షేరు వచ్చింది. మిగిలిన సర్వీసెస్ కంపెనీని తర్వాత అమెరికా కంపెనీ వర్ట్యూసా కొనుక్కుంది. అంటే నిజంగా రెండు దారులయ్యాయి. ఇన్ఫోసిస్ రెండో దారి పట్టింది. ఫినకిల్ (బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్), ఎడ్జ్ సర్వీసెస్ వ్యాపారాలను 2015 ఆగస్టులో ఎడ్జ్‌వర్వ్ అనే తన సబ్సిడరీకి బదిలీ చేసింది. ఫినకిల్‌కు కట్టిన విలువ 3,222 కోట్లు, ఎడ్జ్ సర్వీసెస్‌కు 177 కోట్లు. ఈ మొత్తాన్ని ఎడ్జ్‌వర్వ్ 850 కోట్ల ఈక్విటీ షేర్లుగా, 2,549 కోట్ల డిబెంచర్లుగా (అప్పు పత్రాలుగా) ఇచ్చింది. కూడి చూసుకోండి, సరిపోతుంది. ఎడ్జ్‌వర్వ్ నూటికి నూరు పాళ్లూ ఇన్ఫోసిస్‌దే, కాబట్టి అది స్వతంత్రం కాదు. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో పెట్టడమే. కానీ వేరే పద్దు, వేరే బోర్డు, వేరే ధర ఏర్పడ్డాయి. మీక్కావలసింది వీటిలో ఏది అన్నది ముందే తేల్చుకోండి.

సీఏల కోసం ఒక మాట. నేను చెప్పే పన్ను సెక్షన్ల నంబర్లు 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కనుక నంబర్లు, ఫారాల పేర్లు దానికి తగ్గట్టు మార్చి రాసుకోండి.

స్లంప్ సేల్ అంటే సెక్షన్ 2(42సి) ప్రకారం విడివిడి ఆస్తులకు ధర కట్టకుండా మొత్తానికి ఒకటే ధర. ఇక్కడ మామూలుగా జరిగే పొరపాటు చూడండి. అగ్రిమెంట్‌లో ఎనిమిది కోట్లని రాస్తారు. కాపీరైట్‌కు విడిగా అసైన్‌మెంట్ డీడ్ కావాలి కదా అని, అందులో "ప్రతిఫలం 6 కోట్లు" అని మరో లాయర్ రాస్తాడు. ల్యాప్‌టాప్‌లకు అకౌంట్స్ వాళ్లు ఇన్వాయిస్ కొడతారు. అంతే, గంపగుత్త అమ్మకం కాస్తా విడి ఆస్తుల అమ్మకం అయిపోతుంది. నడుస్తున్న వ్యాపారాన్ని మొత్తంగా బదిలీ చేస్తే 2017 నాటి 12వ నంబరు రేటు నోటిఫికేషన్ ప్రకారం జీఎస్టీ లేదు. విడివిడిగా అమ్మితే ఉంది. కాబట్టి ప్రతి అనుబంధ డీడ్‌లోనూ "ప్రతిఫలం ప్రధాన ఒప్పందంలోని మొత్తంలో ఇమిడి ఉంది" అనే వాక్యం ఉండాలి. స్టాంపు డ్యూటీ లెక్కకోసం మాత్రం విడి విలువ చూపించుకోవచ్చు. వాడకుండా మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీలో సర్దుకోగల మొత్తాన్ని) జీఎస్‌టీ ఐటీసీ-02 ఫారంతో, సీఏ సర్టిఫికెట్ జోడించి పంపాలి. కొత్త కంపెనీ పోర్టల్‌లోకి వెళ్లి దాన్ని అంగీకరించాలి. ఆ అంగీకరించడమే చాలామంది మర్చిపోయేది.

పన్ను ఎంత పడుతుందో చూస్తే కళ్లు తిరుగుతాయి. సెక్షన్ 50బీ ప్రకారం లాభం అంటే అమ్మిన ధరలోంచి అండర్‌టేకింగ్ నెట్ వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేసిన పుస్తక విలువ) తీసేయగా మిగిలింది. మీ డెవలపర్ల జీతాలన్నీ ఏ ఏటికాయేడు ఖర్చు కింద రాసేశారు. పుస్తకాల్లో ఆ సాఫ్ట్‌వేర్ విలువ సున్నా. నెట్ వర్త్ నలభై లక్షలు, ధర పది కోట్లు అయితే తొమ్మిది కోట్ల అరవై లక్షలు మూలధన లాభమే. డబ్బుకు బదులు షేర్లు తీసుకున్నాం కాబట్టి పన్ను ఉండదు అనుకునే రోజులు 2021 ఫైనాన్స్ చట్టంతో పోయాయి. చేతికి రూపాయి రాకుండానే పన్ను కట్టాల్సి రావచ్చు. ఈ నెట్ వర్త్ లెక్కను ధ్రువీకరించే 3సీఈఏ రిపోర్టు ఎలాగూ సీఏ ఇవ్వాలి. ఇక పేరుకుపోయిన నష్టాలు స్లంప్ సేల్‌లో పాత కంపెనీ దగ్గరే ఆగిపోతాయి. డీమెర్జర్‌లో మాత్రం 72ఏ(4) కింద కొత్త కంపెనీకి వెళ్తాయి, పన్ను చట్టం డీమెర్జర్‌కు ఇచ్చిన నిర్వచనంలోని షరతులన్నీ తీరితేనే. నా లెక్కలో పెద్ద నష్టాలు మోస్తున్న ప్రోడక్ట్ అయితే ఎన్‌సీఎల్‌టీ చుట్టూ తిరగడం దండగ కాదు. లేకపోతే ఆ నెలలు ప్రోడక్ట్ మీద పెట్టడం మేలు.

ఇప్పుడు షెడ్యూళ్లకు వద్దాం. నేను ఎక్కువసేపు ఆగేది కోడ్ దగ్గర.

కోడ్ దాచుకునే ప్రతి రిపాజిటరీలో గిట్ షార్ట్‌లాగ్ కమాండ్‌ను ఎస్, ఎన్, ఈ ఆప్షన్లతో నడపండి. ఎవరెన్ని కమిట్లు (కోడ్ మార్పులు) చేశారో ఈమెయిల్‌తో సహా జాబితా వస్తుంది. ఆ జాబితాను హెచ్‌ఆర్ ఫైళ్ల పక్కన పెట్టుకుని ఒక్కో పేరుకూ టిక్కు పెట్టుకుంటూ పోండి. ఉద్యోగి అయితే కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 17(సి) ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్ యాజమాన్యానిదే. ఫ్రీలాన్సర్ అయితే, కాంట్రాక్టరు అయితే ఆ సెక్షన్ వర్తించదు. డబ్బు మీరే ఇచ్చినా సరే, రాతపూర్వక బదిలీ లేకపోతే మొదటి యజమాని రాసినవాడే. జాబితాలో జీమెయిల్ ఐడీలు కనిపించిన చోటల్లా అనుమానించండి. జీతం ఇంకా మొదలవకముందు ఫౌండర్ రాసిన మొదటి ఆరు నెలల కోడ్ కూడా ఈ కోవలోదే. కంపెనీ పుట్టకముందు రాసిందైతే ఆయనే కంపెనీకి బదిలీ చేయాలి, ఆ తర్వాతే కంపెనీ ఇంకొకరికి ఇవ్వగలదు.

బదిలీ కాగితం ఎలా రాయాలో సెక్షన్ 19 చెబుతుంది. మౌనంగా ఉంటే ఏమవుతుందో కూడా అదే చెబుతుంది. కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. బదిలీ పొందిన హక్కును ఏడాదిలోపు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోనంత వరకు, ఆ హక్కు రద్దయిపోతుంది. ఇంటర్నెట్‌లో దొరికిన అమెరికన్ ఫార్మాట్‌లో ఈ మూడూ ఉండవు, ఎందుకంటే అక్కడి చట్టానికి వాటితో పని లేదు. మీ డీడ్‌లో మూడు వాక్యాలు ఉండి తీరాలి: కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, 19(4), అంటే ఆ ఏడాది నియమం, వర్తించకుండా.

షెడ్యూల్‌లో ఒక వరుస ఎలా ఉండాలో చెబుతాను. "బిల్లింగ్ మాడ్యూల్" అని రాసి ఊరుకుంటే కుదరదు. రిపాజిటరీ పూర్తి పేరు, కటాఫ్ (విడిపోయే తేదీ) నాటి చివరి కమిట్ హ్యాష్ (ఆ కమిట్‌ను గుర్తించే సంకేతం), బదిలీ అయ్యే ఫోల్డర్లు, మినహాయించిన ఫోల్డర్లు, రచయితల జాబితా, ఒక్కొక్కరి ఒప్పందం తేదీ, అందులో వాడిన బయటి కాంపోనెంట్లు, వాటి లైసెన్సులు. ఇలా ఇరవై వరుసలు రాయడానికి ఇద్దరు ఇంజినీర్లకు వారం పడుతుంది. లాయర్ ఈ పని చేయలేడు.

ప్రోడక్ట్ కోడ్ పెద్ద రిపాజిటరీలో ఒక ఫోల్డర్‌గా ఉంటే చరిత్రతో సహా విడదీయడానికి గిట్ ఫిల్టర్-రెపో వాడండి. పాత ఫిల్టర్-బ్రాంచ్ వద్దు, దాన్ని వాడొద్దని గిట్ డాక్యుమెంటేషనే చెబుతోంది. విడదీశాక కమిట్ హ్యాష్‌లన్నీ మారిపోతాయి. పాత టికెట్లలో, రిలీజ్ నోట్లలో ఉన్న హ్యాష్‌లు ఎటూ చూపించవు. కాబట్టి పాత హ్యాష్‌కు కొత్త హ్యాష్ చూపించే కమిట్-మ్యాప్ ఫైలును ఆ టూలే తయారుచేస్తుంది, పారేయకండి. షెడ్యూల్‌లో రాయాల్సిన హ్యాష్ కొత్తదే.

ఇక ఉమ్మడి బావి. లాగిన్ లైబ్రరీ, రిపోర్ట్ ఇంజిన్, పీడీఎఫ్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడేలా ఎవరో ఎప్పుడో రాసిన మాడ్యూల్. రెండు కంపెనీలకూ కావాలి. "ఇద్దరికీ ఉమ్మడి యాజమాన్యం" అని రాయాలనిపిస్తుంది, రాయకండి. మన దగ్గర ఒక సహయజమాని రెండోవాడి ఒప్పుకోలు లేకుండా లైసెన్సు ఇవ్వలేడు. రేపు మీ కస్టమర్‌కు ఇచ్చే ప్రతి లైసెన్సూ ప్రశ్నే అవుతుంది. యాజమాన్యం ఒకరికి రాయండి. రెండోవారికి సోర్స్‌కోడ్‌తో సహా శాశ్వత, రద్దు చేయలేని, రాయల్టీ లేని లైసెన్సు ఇవ్వండి. ఆ లైసెన్సు వ్యాపారం చేతులు మారినప్పుడు దాంతోపాటే బదిలీ కావాలి. చివరి ముక్క లేకపోతే కంపెనీని కొనడానికి వచ్చినవాడు అక్కడే ఆగిపోతాడు.

డబ్బు పెట్టి కొన్న లైసెన్సులు, అంటే డేటాబేస్, యూఐ కాంపోనెంట్లు, ఫాంట్లు, చాలావరకు పాత కంపెనీ పేరు మీద ఉంటాయి, బదిలీ కావు. కొత్తవి కొనాలి, బడ్జెట్‌లో పెట్టుకోండి.

క్లౌడ్ సంగతి. ప్రోడక్ట్‌కు ముందే విడి ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ఖాతా ఉంటే అదృష్టవంతులు, ఖాతాకు ఖాతానే బదిలీ చేసుకోవచ్చు. లేదంటే డేటా తరలించాలి. ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్ సేవ) స్నాప్‌షాట్‌ను ఏడబ్ల్యూఎస్ ఇచ్చే డిఫాల్ట్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే వేరే ఖాతాకు షేర్ చేయడం కుదరదు. ముందు మీ సొంత కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్ కీల నిర్వహణ సేవ) కీతో కాపీ తీసి, ఆ కీకి అవతలి ఖాతాకు అనుమతి ఇచ్చి, అప్పుడు షేర్ చేయాలి. పెద్ద డేటాబేస్ అయితే ఈ కాపీకే గంటలు పడుతుంది. రాత్రి పన్నెండుకు కటాఫ్ పెట్టుకుని రెండింటికి ఇది తెలిస్తే తెల్లారిపోతుంది, కాబట్టి వారం ముందే పూర్తి రిహార్సల్ చేయండి. ఇంకోటి, పాత బ్యాకప్‌లు. వాటిలో రెండు కంపెనీల కస్టమర్ల డేటా కలిసే ఉంటుంది. ఎవరు ఉంచుకోవాలి, ఎన్నాళ్లకు చెరపాలి అన్నది ఒప్పందంలో ఒక పేరా.

మొబైల్ యాప్‌లకు ప్లే స్టోర్‌లోనూ, యాప్ స్టోర్‌లోనూ బదిలీ సౌకర్యం ఉంది. ఆపిల్ వైపు జాగ్రత్త. "సైన్ ఇన్ విత్ ఆపిల్" వాడే యూజర్ల ఐడీ డెవలపర్ టీమ్‌ను బట్టి ఉంటుంది, టీమ్ మారితే ఐడీ మారుతుంది. బదిలీకి ముందు పాత టీమ్ ట్రాన్స్‌ఫర్ ఐడెంటిఫయర్లు తీసిపెట్టాలి, బదిలీ అయిన 60 రోజుల్లోపు కొత్త టీమ్ వాటిని కొత్త ఐడీలుగా మార్చుకోవాలి. గడువు దాటితే ఆ యూజర్లు మీ సర్వర్‌కు కొత్తవాళ్లలా కనిపిస్తారు.

మన దేశపు ప్రత్యేకమైన చిక్కు ఎస్సెమ్మెస్. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ (సందేశం నమూనా) రెండూ ప్రిన్సిపల్ ఎంటిటీ, అంటే సందేశం పంపే సంస్థ, పేరున నమోదై ఉంటాయి. ఆ ఎంటిటీ పాత కంపెనీ. కొత్త కంపెనీ తన పాన్‌తో మళ్లీ నమోదై, హెడర్ తెచ్చుకుని, ప్రతి ఓటీపీ టెంప్లేట్‌కూ ఆమోదం పొందాలి. సర్వర్లన్నీ నిక్షేపంలా నడుస్తున్నా ఓటీపీ వెళ్లకపోతే కస్టమర్ దృష్టిలో ప్రోడక్ట్ పడిపోయినట్టే. పేమెంట్ గేట్‌వే కూడా కొత్త కేవైసీ అడుగుతుంది. ఆటోపే మాండేట్లు పాత మర్చంట్ పేరున ఉంటాయి, కస్టమర్లతో మళ్లీ పెట్టించాలి. అందరూ పెట్టరు. ఆ కోత రెవెన్యూ అంచనాలో ముందే వేసుకోండి.

కస్టమర్ ఒప్పందాలు. ఒక్కో ఒప్పందంలో అసైన్‌మెంట్ క్లాజు చదివి మూడు కుప్పలు చేయండి: తెలియజేస్తే చాలన్నవి, అనుమతి కావాలన్నవి, బదిలీ నిషిద్ధమన్నవి. రెండో కుప్పకు పాత కంపెనీ స్థానంలో కొత్తదాన్ని పెడుతూ ముగ్గురూ సంతకం చేసే నోవేషన్ ఒప్పందం, ఒక పేజీకి మించకుండా. పెద్ద కస్టమర్లు ఈ సందు చూసుకుని ధర తగ్గించమంటారు, సిద్ధంగా ఉండండి. ప్రభుత్వ శాఖల కాంట్రాక్టులు విడిగా చూడాలి. అక్కడ బ్యాంకు గ్యారంటీ పాత కంపెనీది. పైగా కొత్త కంపెనీకి మూడేళ్ల ఆడిటెడ్ టర్నోవర్ ఉండదు కనుక తర్వాతి టెండర్‌కు అర్హత దొరకదు. అలాంటి కాంట్రాక్టులను ముగిసేదాకా పాత కంపెనీలోనే ఉంచి, పనిని కొత్త కంపెనీకి సబ్‌కాంట్రాక్ట్ ఇవ్వడం నయం, టెండర్ షరతులు ఒప్పుకుంటేనే.

అడ్వాన్సు చందాల లెక్క ఒకటి చెప్పాలి. కస్టమర్లు ఏప్రిల్‌లో ఏడాదికి కోటీ ఇరవై లక్షలు కట్టారు. అక్టోబర్ 1న విడిపోయారు. ఇంకా ఆరు నెలల సేవ, అంటే అరవై లక్షల బాధ్యత, కొత్త కంపెనీ మీద పడింది. ఆ డబ్బు మాత్రం పాత కంపెనీ ఎప్పుడో ఖర్చు పెట్టేసింది. కొత్త కంపెనీ ఆరు నెలలు సర్వర్ బిల్లులు, జీతాలు సొంత జేబులోంచి పెట్టుకోవాలి. ఈ మొత్తాన్ని ధరలోంచి తగ్గించాలి, లేదా నగదుగా ఇప్పించుకోవాలి. ఉద్యోగుల గ్రాట్యుటీ, లీవ్ బాధ్యతలదీ ఇదే పద్ధతి. కటాఫ్ తర్వాత కూడా కస్టమర్ల అకౌంట్స్ వాళ్లు అలవాటుగా పాత పాన్ మీదే టీడీఎస్ కడుతుంటారు, దాంతో 26ఏఎస్ (పాన్ మీద జమైన పన్ను చూపించే పత్రం) తారుమారవుతుంది. వెండర్ మాస్టర్ మార్చమని కటాఫ్‌కు నెల ముందే ఉత్తరం రాయండి, వాళ్ల కొనుగోలు విభాగానికి కాదు, అకౌంట్స్ పేయబుల్‌కు.

డేటా విషయంలో డీపీడీపీ చట్టం (డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం) 2023, సెక్షన్ 17లో ఒక మినహాయింపు ఉంది. కోర్టో ట్రిబ్యునలో లేక అధికారం ఉన్న మరో సంస్థో ఆమోదించిన విలీనం, డీమెర్జర్, వ్యాపార బదిలీలకు అవసరమైన ప్రాసెసింగ్‌కు అది వర్తిస్తుంది. ఇద్దరూ సంతకం పెట్టుకున్న స్లంప్ సేల్‌కు అలాంటి ఆమోదం ఉండదు. కాబట్టి ఆ దారిలో వెళ్తే నోటీసు, సమ్మతుల పని మీదే.

ఉద్యోగులు. సర్వీసు తెగకూడదు, షరతులు తగ్గకూడదు, పాత సర్వీసును కొత్త కంపెనీ లెక్కలోకి తీసుకుంటుందని ఉత్తరంలో రాసి ఉండాలి. రాజీనామా చేయించి కొత్తగా చేర్చుకోవడం అడ్డదారి. నాలుగేళ్ల సర్వీసున్న మనిషికి గ్రాట్యుటీ లెక్క సున్నా నుంచి మొదలవుతుందని తెలిస్తే, మీకు తప్పక కావలసిన ఆ ఇంజినీరే ముందు వెళ్లిపోతాడు. ఏడాది మధ్యలో మారితే ఇద్దరు యజమానులూ స్లాబును, స్టాండర్డ్ డిడక్షన్‌ను విడివిడిగా లెక్కకట్టేస్తారు, మార్చిలో జీతం సగం పన్నుకు పోతుంది. పాత జీతం వివరాలు 12బీ ఫారంలో తీసుకోండి, లేదా కటాఫ్ ఏప్రిల్ 1న పెట్టుకోండి. ఏప్రిల్ 1 అంటే సీఏలు మొహం చిట్లిస్తారు, అయినా అదే మంచి రోజు. పాత కంపెనీ ఈసాప్స్ (ఉద్యోగులకు ఇచ్చే షేర్లు కొనే హక్కు) ఉన్నవాళ్లకు, కొత్తది దాని సబ్సిడరీగా ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఆ బంధం తెగిన రోజు ఏమవుతుందో పాత ప్లాన్‌లో రాసి ఉందో లేదో చూడండి.

విడిపోయిన తర్వాత కొన్నాళ్లు పాత కంపెనీ జీతాల ప్రాసెసింగ్, ఆఫీసు, ఈమెయిల్ లాంటివి అందిస్తుంది. దానికి ట్రాన్సిషన్ సర్వీసెస్ అగ్రిమెంట్. ప్రతి సేవకూ ధర, ముగింపు తేదీ, తేదీ దాటితే పెరిగే ధర, మూడూ ఉండాలి. ఉచితంగా ఇస్తే రిలేటెడ్ పార్టీ (సంబంధం ఉన్న సంస్థల మధ్య లావాదేవీల) లెక్కల్లో ప్రశ్నలు వస్తాయి, పైగా ఎవరూ ఖాళీ చేయరు. నా ఉద్దేశంలో ఆరు నెలలు చాలు, ఈమెయిల్ ఫార్వర్డింగ్‌కు మాత్రం ఏడాది ఇవ్వండి.

ప్రశ్నలకు సమయం ఉంది. అక్కడ వెనక వరుసలో...

ప్రశ్న: కొత్త కంపెనీకి స్టార్టప్ గుర్తింపు వస్తుందా సార్? రాకపోతే, ముందు నూరు శాతం సబ్సిడరీగా పెట్టి పన్ను లేకుండా బదిలీ చేసి, తర్వాత ఇన్వెస్టర్‌ను తెచ్చుకోవచ్చా?

మొదటిదానికి జవాబు, రాదు. ఉన్న వ్యాపారాన్ని విడగొట్టి పెట్టిన సంస్థను డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) నిబంధనలు స్టార్టప్‌గా గుర్తించవు. దరఖాస్తులో ఆ సంగతి దాచిపెట్టి తెచ్చుకున్న గుర్తింపు తర్వాత రద్దయితే దాని ఆధారంగా పొందిన మినహాయింపులన్నీ చిక్కుల్లో పడతాయి.

రెండోది అందరూ అడిగేదే. సెక్షన్ 47(iv) ప్రకారం నూరు శాతం భారతీయ సబ్సిడరీకి బదిలీ చేస్తే మూలధన లాభం పన్ను లేదు, నిజమే. కానీ పక్కనే 47ఏ ఉంది. బదిలీ అయిన ఎనిమిదేళ్లలోపు మాతృసంస్థ వాటా నూరు శాతం నుంచి ఏ మాత్రం తగ్గినా ఆ మినహాయింపు వెనక్కి పోతుంది. ఇన్వెస్టర్‌కు ఒక్క శాతం ఇచ్చినా, ఉద్యోగులు ఈసాప్స్ ఎక్సర్‌సైజ్ చేసి షేర్లు తీసుకున్నా తగ్గినట్టే. లాభం లెక్కలోకి వచ్చేది అప్పటి ఏడాదిలో కాదు, మొదట బదిలీ చేసిన ఏడాదిలో, కాబట్టి వడ్డీ కూడా లెక్కేసుకోవాలి. రెండేళ్లలో ఫండింగ్ తెచ్చుకునే ఉద్దేశం ఉంటే, ప్రోడక్ట్ విలువ ఇంకా తక్కువగా ఉన్న ఇప్పుడే వాల్యుయేషన్ రిపోర్టు తీసుకుని స్లంప్ సేల్ పన్ను కట్టేయడం చౌక. ఫండింగ్ టర్మ్ షీట్ (పెట్టుబడి షరతుల పత్రం) వచ్చాక అదే ప్రోడక్ట్‌కు ఆ ధర చెబితే అసెసింగ్ ఆఫీసర్ నమ్మడు.